నిద్ర పద్దు

ఏప్రిల్ 9, 2024, మంగళవారం, ఉగాది

తెల్లవారుజాము 2:40. పండగ పూట మంచి అలవాటు మొదలుపెడదామని కాదు, నిద్ర పట్టక రాస్తున్నాను.

కొత్త సంవత్సరం పేరు క్రోధి. నిన్న రాత్రి పంచాంగం తిరగేస్తూ మా ఆయన "నీ పేరే పెట్టారోయ్ ఈసారి" అన్నారు. నవ్వాను. ఆ నవ్వు పూర్తయ్యేలోపే మెడ వెనక సెగ లేచింది. పొయ్యి దగ్గర నుంచుంటే కొట్టే వేడి వేరు, ఇది వేరు. లోపల ఎవరో అన్నం గిన్నె మూత తీసినట్టు గుండెల మీంచి చెవుల దాకా ఆవిరి పాకుతుంది. మూడు నాలుగు నిమిషాలే. తరవాత జాకెట్టు తడిసిపోయి, ఫ్యాను గాలికి వణుకు. దుప్పటి లాక్కుంటాను. అరగంటకి మళ్ళీ తన్నేస్తాను. పక్కనాయన మాత్రం హాయిగా గురక.

నాకు 48. కిందటి ఆగస్టు నుంచి బహిష్టు రెండే సార్లు వచ్చింది. వరసగా పన్నెండు నెలలు రాకపోతే గానీ ఆగిపోయినట్టు లెక్క కాదట. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే ఆగుతుందనీ, అమెరికాలో 51 అనీ చదివాను. సుశ్రుతుడు పన్నెండో ఏట మొదలై యాభైకి ఉడుగుతుందని ఎప్పుడో రాసిపెట్టాడు. ఆయన లెక్కన నాకింకా రెండేళ్ళు బాకీ.

వేపపువ్వు కోయించాలి. పనిమనిషి ఆరుకి గానీ రాదు.

ఏప్రిల్ 16, మంగళవారం

సాయంత్రం బ్యాంకులో క్యాష్ కట్టేటప్పుడు రెండు వేలు తగ్గింది. నాలుగు సార్లు లెక్కపెట్టాను. కట్టలన్నీ మిషన్లో వేసి చూశాను. ఎవరికో నాలుగు ఐదువందల నోట్లు ఎక్కువిచ్చేశాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో షార్ట్ పడటం ఇది మూడోసారి, అందులో రెండుసార్లు ఈ నాలుగు నెలల్లోనే. నా పర్సులోంచి తీసి కట్టాను. మేనేజరు "పర్లేదు మేడం, అందరికీ జరిగేదే" అన్నాడు. ఆ మర్యాద ఇంకా మంట.

ఇవాళ్టి నుంచి నిద్రకీ పద్దు రాస్తాను. పడుకున్న టైం, లేచిన టైం, మధ్యలో మెలకువలు, ఏం తిన్నాను, ఏం తాగాను. డబ్బు లెక్క రాసేదాన్ని, ఇది రాయలేనా?

ఏప్రిల్ 20, శనివారం

లంచ్‌లో నోరు జారాను. రాత్రుళ్ళు నిద్ర లేదని మాత్రమే అన్నాను. డిపాజిట్ల కౌంటర్లో ఉండే ఆవిడ గొంతు బాగా తగ్గించి "ముట్లుడిగే వయసు కదండీ" అంది. ఆ మాట మగవాళ్ళ చెవిన పడితే కొంప మునుగుతుందన్నట్టు చుట్టూ చూసింది. ఇక అక్కణ్ణించి వైద్యాలే వైద్యాలు. గసగసాల పాలు. గోరువెచ్చని పాలల్లో జాజికాయ. అవిసె గింజల పొడి. అరికాళ్ళకి నువ్వుల నూనె. సరస్వతి ఆకు పచ్చడి. పిల్లిపీచర లేహ్యం. ఒకావిడ చెల్లెలు అమెరికాలో ఉంది, అక్కడ బ్లాక్ కోహోష్ అని ఏదో వేరు మాత్రలు వాడుతుందట, పంపించమంటాను అంది.

ఇంతమందికి ఇన్ని మందులు తెలుసంటే ఇంతమందీ నిద్రపోవట్లేదనే కదా. ఇరవై ఏళ్ళుగా ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నాం. ఒక్కరు కూడా ఇవాళ్టి దాకా చెప్పలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

మార్కెట్ వెనక మూలికల కొట్టుకి వెళ్ళాను. చిన్నప్పుడు నాన్నతో కుంకుడుకాయలకీ సీకాయకీ వెళ్ళిన కొట్టే. ఇప్పుడు కొడుకు కూచుంటున్నాడు. వాసన మాత్రం మారలేదు.

నిద్రకని చెప్పగానే మూడు పొట్లాలు తీశాడు. మొదటిది పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ. పాలల్లో ఉడకబెట్టి ఎండేసి దంచిందట. గుర్రం వాసనని పేరు పెట్టారు గానీ నాకు తడిసిన గోనెసంచి గుర్తొచ్చింది. మన అనంతపురం, కర్నూలు మెట్ట పొలాల్లో పండేది మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మార్కెట్‌కి పోతుందని చెప్పాడు. దాని లాటిన్ పేరులో సోమ్నిఫెరా అనే మాటకి నిద్ర తెచ్చేదని అర్థం. అది మా అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు. రెండోది జటామాంసి. హిమాలయాల్లో తప్ప పెరగదు. తవ్వి తవ్వి అంతరించిపోయే దశకి తెచ్చారు, విదేశాలకి అమ్మడం మీద ఆంక్షలున్నాయి. మరి ఈ సందులో గోనెసంచెడు ఎలా ఉందో! నిజమైన జటామాంసో కాదో నేను తేల్చలేను, అందుకని వద్దన్నాను. మూడోది తగర. పొట్లం విప్పగానే వానాకాలంలో స్కూలు పిల్లల మేజోళ్ళ వాసన. అమెరికాలో వలేరియన్ పేరుతో నిద్రకి అమ్మేది దీని దాయాదినే. వద్దు బాబూ, ఆ వాసనకి వచ్చే నిద్ర కూడా పోతుంది.

అశ్వగంధ పావుకిలో కొన్నాను. రాత్రి పాలల్లో ఒక చెంచా.

ఏప్రిల్ 30, మంగళవారం

పద్దు బాగుంది. వారం సగటు ఐదున్నర గంటలు. అంతకుముందు ఐదు కూడా లేదు. ఎండ 43 దాటిన రోజుల్లో ఇంత పడుకున్నానంటే పెన్నేరుగడ్డ గొప్పదే. కౌంటర్లో ఆవిడకి కూడా చెప్పాను.

గసగసాల పాలు ఒకరాత్రి చేశాను. అమ్మమ్మ చేసినట్టు నానబెట్టి రుబ్బి, కాస్త బెల్లం వేసి. నల్లమందు మొక్క గింజే కదా, కాయ పాలు అంటుకున్న మేరకి మత్తు ఏమైనా ఉంటే ఉంటుంది, కడిగితే అదీ పోతుంది. నిద్ర సంగతి దేవుడెరుగు, రుచి మాత్రం అమృతం.

జాజికాయతో మాత్రం జాగ్రత్త. పసిపిల్లలకి సానరాయి మీద ఒక్క చుట్టు అరగదీసి నాకించే వస్తువది. పెద్దవాళ్ళం కదా అని ఒక కాయంతా పొడి చేసుకుని తాగితే గుండెదడ, వాంతులు, లేనివి కనపడటం. ఒక కాయ బరువు ఐదు గ్రాముల పైమాటే, ఆ మాత్రం చాలు ఆసుపత్రికి చేరడానికి. ఎదురింటి పిన్నిగారికి ఇది చెబితే "మా ఇంట్లో ఎప్పుణ్ణించో వాడుతున్నాం" అని మూతి ముడిచింది.

మే 13, సోమవారం

పోలింగు. ఏడింటికే లైన్లో నుంచున్నాం. అరగంటకి గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. ఇంకు పెట్టే అమ్మాయి నా వేలు పట్టుకుని "భయపడకండి ఆంటీ, నొప్పుండదు" అంది. ఎండ వల్లేమో అన్నారాయన. ఎండకి కాదు. వారం రోజులుగా రాత్రుళ్ళు కూడా ఇంతే. ఆవిర్లు ఐదు నుంచి ఏడయ్యాయి. నిద్ర మళ్ళీ నాలుగున్నరకి దిగింది. అశ్వగంధ చాలట్లేదేమోనని చెంచాన్నర చేశాను.

మే 18, శనివారం

గుంటూరులో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రక్త పరీక్ష ముందే చేయించుకుని రమ్మంది. టీఎస్‌హెచ్ 0.1. కనీసం 0.4 ఉండాలి. ఆరేళ్ళుగా థైరాయిడ్‌కి 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను, ఎప్పుడూ లెక్క తప్పలేదు.

"మాత్ర డోసేమైనా మార్చారా?"

"లేదండీ."

"ఇంకేమైనా వాడుతున్నారా?"

"ఏం లేదండీ."

అబద్ధం చెబుతున్నాననుకోలేదు. అది నా లెక్కలో మందు కాదు, పాలల్లో కలుపుకునే పొడి. బోర్నవీటా వాడుతున్నారా అంటే చెబుతామా? ఆయనే పక్కనుంచి "రాత్రిపూట ఆ పొడేదో తాగుతోందండీ" అన్నారు. ఆవిడ కలం కింద పెట్టింది.

అశ్వగంధ థైరాయిడ్ హార్మోనుని పెంచగలదట. గ్రంథి మందగించినవాళ్ళకి అది మేలు చేసినట్టు కనపడుతుంది. నాలా మాత్రతో ఇప్పటికే సరిపెట్టినవాళ్ళకి దాని మీద ఇంకాస్త పోసినట్టు అవుతుంది. గుండెదడ, చెమటలు, నిద్రలేమి, అన్నీ ఎక్కువవుతాయి. అచ్చం ముట్లుడిగే లక్షణాల్లాగే ఉంటాయి గనక రోగి ఇంకో చెంచా వేసుకుంటుంది. "మీరు చేసింది అదే" అంది. అరుదుగా కాలేయం దెబ్బతిన్నవాళ్ళు కూడా ఉన్నారట. అమెరికా వేరు మాత్రల మీద, ఆ బ్లాక్ కోహోష్ మీద కూడా అదే ఫిర్యాదు ఉందట.

నాకు రోషం వచ్చి "మరి మొదట్లో పది రోజులు బాగా పట్టింది కదండీ" అన్నాను. అశ్వగంధ మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయనీ, కొన్నిట్లో నిద్రకి కాస్త మేలు కనిపించిందనీ ఆవిడే ఒప్పుకుంది. ఆవిర్ల విషయంలో మాత్రం ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో కూడా బోలెడుమందికి తగ్గుతాయట. నా పది రోజులు మూలికవో, నా నమ్మకానివో, ఎవరు చెప్పగలరు?

పొడి ఆపమంది. ఆరు వారాలకి మళ్ళీ రక్తం. గురక పెడతారా అని అడిగింది. ఈ వయసు దాటాక ఆడవాళ్ళలో గురక, ఊపిరి ఆగి ఆగి రావడం పెరుగుతాయట. నేను ఆయన వైపు చూశాను. "పెడుతుందండీ. చెప్పలేదు గానీ" అన్నారు! ఇన్నేళ్ళు ఆయన గురకని ఆడిపోసుకున్నాను.

మే 19, ఆదివారం

నిన్నటి దాంట్లో ముఖ్యమైన సంగతి రాయలేదు. నా పద్దు పుస్తకం డాక్టరమ్మకి చూపించాను. మూలికల వరస దాటేసి అంకెల దగ్గర ఆగింది. "రాత్రి తొమ్మిదిన్నరకి మంచమెక్కి ఆరింటికి దిగుతున్నారు. ఎనిమిదిన్నర గంటలు. నిద్రపోయింది ఐదు గంటల పది నిమిషాలు. మీరు బ్యాంకువారు కదా, లెక్క కట్టండి."

రూపాయికి 61 పైసలు. అలాంటి లోను మేమైతే మొండి బకాయి కింద రాసేస్తాం.

నిద్ర పట్టట్లేదని మంచం మీద ఇంకా ఎక్కువసేపు పడుకోవడమే తప్పు అంటుంది. ఒళ్ళు ఆ మంచాన్ని మెలకువగా పొర్లే చోటుగా గుర్తుపెట్టుకుంటుందట. ఈస్ట్రోజెన్ తగ్గగానే మెదడులో ఒంటి వేడిని చూసుకునే కేంద్రం మరీ చాదస్తంగా తయారవుతుంది. కాస్త వేడి పెరిగినా కొంప అంటుకున్నట్టు చెమట పోయిస్తుంది. ప్రొజెస్టరోన్‌లోంచి మెదడుకి అందే మత్తు లాంటిది కూడా తగ్గిపోతుంది. మెలకువ తెప్పించేవి ఇవి. మెలకువ వచ్చాక రెండు గంటలు కొనసాగేది మాత్రం అలవాటు వల్లట. ఇది ఎవరూ చెప్పలేదు నాకు. తెల్లారేదాకా ఆవిరే కారణమనుకుని దాన్నే తిట్టుకున్నాను.

కొత్త నియమం: అర్ధరాత్రి పన్నెండుకి ముందు మంచమెక్కకూడదు. ఐదున్నరకి దిగిపోవాలి, నిద్ర పట్టినా పట్టకపోయినా, ఆదివారమైనా సరే. పగటి కునుకు లేదు. పావుగంటలో నిద్ర రాకపోతే లేచి హాల్లోకి. గడియారం గోడ మీంచి తీసేయాలి. కాఫీ మధ్యాహ్నం పన్నెండు తరవాత లేదు. తాగిన కాఫీలో సగం ఐదారు గంటలకి కూడా ఒంట్లోనే ఉంటుందట, నాలుగింటికి బ్యాంకులో తాగే కప్పు నన్ను పదింటిదాకా కాపలా కాస్తోందన్నమాట. స్కూటీ కొన్నాళ్ళు ఆయన నడపాలి, పగలు తూగు వస్తుంది గనక.

మే 23, గురువారం

నరకం. పదకొండింటికి హాల్లో కూచుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. రాళ్ళు లేవు.

మే 27, సోమవారం

రాత్రి పన్నెండుకి మంచమెక్కడం గుర్తుంది. మూడున్నరకి ఆవిరి, లేచాను. మధ్యలో ఏమీ గుర్తులేదు. మూడున్నర గంటలు ఏకబిగిన! జనవరి తరవాత ఇదే మొదలు.

జూన్ 2, ఆదివారం

అమృతలూరు, అమ్మ దగ్గర. తనకి 77.

రాత్రి పన్నెండు దాకా మెలకువగా ఉండాలి కదా, ఇద్దరం వరండాలో కూచున్నాం. కరెంటు పోయింది. అమ్మ విసనకర్ర అందుకుంది. తను విసురుకోకుండా నాకు విసరడం మొదలుపెట్టింది. "నీక్కూడా ఆవిర్లు వచ్చేవా అమ్మా?" అనడిగాను. ఈ ప్రశ్న అడగడానికి నాకు 48 ఏళ్ళు రావలసొచ్చింది.

"రాకపోతే? రెండేళ్ళు వచ్చాయి. మీ నాన్నకి తెలీదు."

"ఏం చేసేదానివి?"

"చింతపండు గింజ తీసేదాన్ని."

చేతిలో గ్లాసు కింద పెట్టాను. నేను ఇంటర్ చదివే రోజులు. రాత్రి ఎప్పుడు మెలకువొచ్చినా వంటింట్లో కిరసనాయిలు దీపం, రోటి పక్కన అమ్మ, పీట మీద చింతపండు, సుత్తి చప్పుడు టక్ టక్ టక్. అప్పడాలు, వడియాల పిండి, బియ్యంలో మెరిగలు. మా అమ్మంత పనిమంతురాలు ఊళ్ళో లేదని కాలేజీలో గొప్పలు చెప్పేదాన్ని. వీధిలో అందరికీ మేమే చింతపండు కొట్టి ఇచ్చాం ఆ రెండేళ్ళూ.

"చెప్పచ్చు కదా అమ్మా."

"ఏమని చెప్పనే? రోగమా?"

ఆవిడ వైద్యం అడిగాను. అరికాళ్ళకి ఆముదం, తడిపి పిండిన నేత తువ్వాలు మెడ కింద, మంచం మీద పరుపు తీసేసి తుంగచాప. మూలిక ఒక్కటీ లేదు. "మూలికలకి డబ్బులెవరిచ్చారు?" అంది. నిద్ర రాకపోతే లేచి పనిచేసుకోవడం, రెప్పలు వాలాక వచ్చి పడుకోవడం, కోడి కూయగానే లేవడం. గుంటూరులో ఐదు వందల ఫీజు కట్టి నేను తెచ్చుకున్న చీటీలో ఉన్నదీ ఇదే. అయితే అమ్మకి అది నియమం కాదు, గతిలేక చేసింది. ఈ రెండూ ఒకటేనని మురిసిపోవడం నాకు ఇష్టం లేదు. ఆవిడ పక్కన ఎవరూ లేరు.

జూన్ 16, ఆదివారం

వారం పద్దు: మంచం మీద రోజుకి ఐదున్నర గంటలు, నిద్ర సగటు నాలుగు ముప్పావు. రూపాయికి 86 పైసలు. 85 దాటితే పావుగంట పెంచుకోమంది డాక్టరమ్మ. ఇవాళ్టి నుంచి పదకొండు ముప్పావు. జీతం పెరిగినంత సంబరం.

మిగతావి: నైలాన్ నైటీలు తీసేశాను, పాత మంగళగిరి చీరలు రెండు చించి పక్కదుప్పట్లు కుట్టించాను. కూలరు అటకెక్కింది. గాలి పొడిగా ఉండే చోట్ల అది పనిచేస్తుందేమో గానీ మా తెనాలి ఉక్కలో తేమ మీద తేమ కక్కి ఒళ్ళు జిగురు చేస్తుంది. ఏసీ 25 మీద, పైన ఫ్యాను. ఆయన చలికి హాల్లోకి మారారు. రెండో రోజుకే పనిమనిషి "అయ్యగారు బయట పడుకుంటున్నారేంటమ్మా" అని ఆరా. ఏసీ పడట్లేదన్నాను. వీధంతా ఇంకేదో అనుకుంటోంది, అనుకోనీ.

అవిసె పొడి మజ్జిగలో కలుపుకోవడం మానలేదు. ఆవిర్లకి పనిచేస్తుందని పరీక్షల్లో తేలలేదని తెలుసు. మలబద్ధకానికి మాత్రం దివ్యంగా ఉంది.

జూన్ 30, ఆదివారం

ఈ వారం తప్పాను. మేనకోడలి నిశ్చితార్థం, రెండు రాత్రుళ్ళు ప్రయాణం, నాలుగింటికి కాఫీలు. 79 పైసలు. పెంపు లేదు.

జూలై 7, ఆదివారం

టీఎస్‌హెచ్ 1.9. పొడి ఆపడం తప్ప ఇంకేమీ చేయలేదు. మిగిలిన సగం పొట్లం పారేయడానికి మనసొప్పక సబ్బుల డబ్బాలో పెట్టాను.

హార్మోన్ మాత్రల గురించి కూడా మాట్లాడాం. ఆవిర్లకి వాటంత గట్టిగా పనిచేసేవి ఇంకేవీ లేవని డాక్టరమ్మ నిక్కచ్చిగా చెప్పింది. 2002లో అమెరికా పెద్ద పరీక్ష ఒకటి మధ్యలో ఆపేశాక ప్రపంచమంతా బెదిరిపోయింది గానీ, అందులో ఆడవాళ్ళ సగటు వయసు 63. అరవై లోపు, ఆగిపోయి పదేళ్ళు కానివాళ్ళకి లెక్క వేరట. మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అది చెప్పగానే ఆవిడ తొందరపడలేదు, నేనూ పడలేదు. ముందు మామోగ్రామ్, తరవాత మాట.

నిన్నే ఆషాఢం వచ్చింది. అమ్మ గోరింటాకు రుబ్బి డబ్బాలో పంపింది, చేతులకి కాదు, అరికాళ్ళకి పెట్టుకోమని కబురు. పెట్టుకుని మంచం మీంచి కాళ్ళు బయటికి చాపి పడుకున్నాను. చల్లగా ఉన్నంతసేపూ బాగుంది. దుప్పటి నిండా ఎర్ర మరకలు.

జూలై 17, బుధవారం, తొలి ఏకాదశి

విష్ణుమూర్తి ఇవాళ పడుకుంటే మళ్ళీ లేచేది కార్తీకంలో. నాలుగు నెలలు, మధ్యలో ఒక్క మెలకువ లేకుండా. లక్ష్మీదేవి కాళ్ళు పడుతూనే ఉంటుంది, ఆవిడ నిద్ర సంగతి నేనెక్కడా వినలేదు. పేలపిండిలో బెల్లం కలిపాను, మా ఆయనకి కొంచెం, గుడికి కొంచెం.

నా పద్దు: పదకొండు నుంచి ఐదున్నర. రాత్రి ఆవిర్లు నాలుగు. తగ్గలేదు పెద్దగా. కానీ వస్తుంది, పోతుంది, మళ్ళీ కళ్ళు మూతపడతాయి. రూపాయికి 87.

నిన్న మధ్యాహ్నం కౌంటర్లో ఆవిడ వచ్చి "మీరు చెప్పిన అశ్వగంధ కొన్నానండీ, రోజూ ఎంత వేసుకోవాలి?" అంది. లంచ్ బల్ల మీద అందరూ ఉన్నారు, మేనేజరు కూడా. గొంతు తగ్గించలేదు నేను. "ముందు థైరాయిడ్ చూపించుకోండి. మీకు ఆవిర్లు రాత్రికి ఎన్ని?" అని అడిగాను. మేనేజరు పెరుగన్నం కలపడం ఆపి, మా ఆవిడకి కూడా అంటూ ఏదో చెప్పబోయి, చుట్టూ చూసి, మళ్ళీ కలుపుకోసాగాడు.

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆరు.

పదకొండయింది. గడియారం లేదు, పక్కింటి టీవీ ఆగింది.